దురద కడియం

నా దురద రెండు పాయింట్ ఒకటి అని కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి చెప్పే సమయానికి నేను మోచేతి మడతలో చిమ్మిన రక్తాన్ని చీర కొంగుతో అద్దుకుంటున్నాను. "మైల్డ్ అండి, కంగారు పడక్కర్లేదు" అని ఆ పిల్ల నవ్వింది కూడా. కొత్త ఇంజెక్షన్ కావాలంటే నంబరు ఆరు దాటాలట. దాటినవాళ్ళకి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. దాటనివాళ్ళు కొబ్బరినూనె రాసుకుని ఇంటికి పోవచ్చు.

వరసలో నా ముందు నిలబడ్డ బ్యాంకు ఉద్యోగికి ఏడు పాయింట్ మూడు వచ్చింది. ఆయన చొక్కా చెయ్యి మడిచి చూపించిన మచ్చ రూపాయి బిళ్ళంత ఉంది. నాకు మెడ, మోచేతులు, నడుము చుట్టూ, మోకాళ్ళ వెనక, పాదాల మీద చర్మం ఏనుగు తోలులా మందమైపోయి, ఆ మందం కూడా పగిలి నీరు కారుతోంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎగ్జిమా నాతోనే పెరిగింది. వీధిలో వాళ్ళు గజ్జి అంటారు. అలాంటి నాకు రెండు పాయింట్ ఒకటి.

ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు. ఎందుకంటే ఆ నంబరు చెప్పిన యంత్రాన్ని కనిపెట్టినవాడు నా సొంత తమ్ముడు. పైగా నా కోసమే కనిపెట్టాడు.

నా పేరు నూకరత్నం. విశాఖపట్నం పెదవాల్తేరులో ఒక సందు చివర కర్రీ పాయింట్ నడుపుతాను. మా ఆయన సన్యాసిరావు రైతుబజారుకి వెళ్ళి కూరలు తెస్తాడు, పొట్లాలు కడతాడు. వండటం, వడ్డించడం నా పని. దేవుడు నా మీద దయ తలిచి అరచేతులూ వేళ్ళూ వదిలేశాడు. మిగతాదంతా పొడుగు చేతుల జాకెట్టు కింద దాచుకుంటాను. వంటమనిషి ఒంటి మీద పుండు కనిపిస్తే ఆ కూర ఎవరు కొంటారు?

వంట నాకు పదేళ్ళప్పుడే అంటుకుంది. నాన్న లేడు. అమ్మ విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పని చేసేది. పొద్దున్నే పోతే దీపాలు పెట్టాక వచ్చేది. తమ్ముడు పైడిరాజు అప్పటికి చంటివాడు. వాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది నేనే. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడు అమ్మా అనడానికి ముందు అప్పా అన్నాడు.

వాడికి బుద్ధి తెలిసే వయసులో ఒకసారి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నా వైపు చూడకుండానే, ఒకటి నుంచి పది దాకా లెక్కేసుకుంటే నీ దురద ఎంత అని అడిగాడు. పది అన్నాను. అందరూ పదే అంటారమ్మా, దురదని కొలిచే థర్మామీటరు ఉంటే బాగుణ్ణు అని ఆయన పక్కనున్న కుర్ర డాక్టర్లతో కలిసి నవ్వాడు. ఇదంతా మనసు వల్ల అని కూడా అన్నాడు. బయటికి వచ్చాక నాకంటే మా తమ్ముడే ఎక్కువ ఏడ్చాడు. నేనే కనిపెడతానప్పా ఆ థర్మామీటరు అన్నాడు. చిన్నపిల్లలు ఏదో అంటారు, మర్చిపోతారు. వీడు మర్చిపోలేదు.

వాడు పెద్ద చదువులు చదివి చర్మ పరిశోధన సంస్థలో చేరాడు. ఆ సంస్థ మా పాయింట్‌కి నాలుగు సందుల అవతలే ఉంది. వాడు తయారు చేసిన దురద కడియం మొదటిసారి పని చేసిన రోజు నన్ను ల్యాబ్‌కి పిలిచాడు. వెడల్పాటి వెండి కడియంలా ఉంది, మధ్యలో నంబరు కనిపించే చిన్న కిటికీ. దాన్ని కుడి మణికట్టుకి పెట్టుకుని, ఎడమ చేతి మీద దూలగొండి కాయ నూగు చిటికెడు వేయించుకున్నాడు. చూస్తుండగానే చర్మం ఎర్రబడింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా కుడి చేతిని బల్ల మీద కదలకుండా పెట్టి ఉంచాడు. చెయ్యి కదలలేదు గానీ కిటికీలో నంబరు నాలుగు, ఆరు, ఎనిమిది అని ఎక్కిపోయింది.

దురద పుట్టగానే మెదడు చేతికి గోకమని ఉత్తరువు పంపుతుందట. మనం పరువు కోసం చేతిని ఆపుకున్నా ఆ ఉత్తరువు ముంజేతి కండరం దాకా వచ్చి అక్కడ కొట్టుకులాడుతుందట. కడియం దాన్ని పట్టేస్తుంది. "ఇంక నిన్నెవడూ అబద్ధాలకోరు అనలేడప్పా" అన్నాడు వాడు, చెయ్యి బరబరా గోక్కుంటూ. నేను ఆ ల్యాబ్‌లోనే కూర్చుని ఏడ్చాను. ఎన్నేళ్ళుగానో ఎవరూ నమ్మని మాటకి ఇంక సాక్ష్యం దొరికిందనుకున్నాను.

ఆ రోజే నా చేతికి కూడా పెట్టి చూడమన్నాను. కుదరదన్నాడు. ఇంట్లోవాళ్ళని పరీక్షిస్తే ఫలితాల మీద అనుమానం వస్తుందని రూలట. కాలేజీ హాస్టలు కుర్రాళ్ళకి దూలగొండి రాసి కడియాన్ని సరిచేశారు. తర్వాత కొంతమంది రోగుల మీద చూశారు. వాళ్ళలో వంటింటి మనిషి ఒక్కతైనా ఉందో లేదో నేను అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది?

రెండేళ్ళు తిరిగేసరికి మా జిల్లాలో ప్రతి ఆసుపత్రికీ కడియాలు వచ్చాయి. ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్ళు వారం రోజులు కడియం పెట్టుకుంటే సగటు నంబరు వస్తుంది. ఆ నంబరుని బట్టే ఇంజెక్షన్. డాక్టర్లు ఒంటిని చూడటం మానేసి కిటికీని చూడటం మొదలుపెట్టారు. నా వంతు వచ్చినప్పుడు నేను నరసింహస్వామికి మొక్కుకుని మరీ వెళ్ళాను.

రెండు పాయింట్ ఒకటి.

ఆసుపత్రి నుంచి నేరుగా తమ్ముడి గదికి పోయాను. వాడు నా కాగితం చూశాడు. ఏదో తప్పు జరిగిందని వెంటనే అంటాడనుకున్నాను. కంప్యూటర్‌లో నా వారం రోజుల గీతలు తెప్పించి చాలాసేపు చూశాడు. గీతలు చదునుగా ఉన్నాయి. వాడి మొహంలో మార్పు వచ్చింది. ఆ మార్పు నాకు తెలుసు. పెద్దాసుపత్రి డాక్టరు మొహంలో చూశాను.

"యంత్రానికి నీ మీద కోపం లేదప్పా" అన్నాడు మెల్లిగా. "నీకు దురద ఉంది, కాదనను. నువ్వనుకున్నంత లేదు. చిన్నప్పటి నుంచీ దాన్నే తలుచుకుని తలుచుకుని పెంచుకున్నావు. ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకుంటే..."

"నీ ఒంటి మీద దూలగొండి వేసుకుంటే కడుక్కుంటే పోయింది కదరా. నా ఒంటి మీద నేను ఏటి కడుక్కోవాలి?" అన్నాను. వాడు నా కాగితం మడిచి చేతికిచ్చాడు. టీ తెప్పించనా అన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరు నన్ను నమ్మకపోతే నాకు బాధేసింది. వీడు నమ్మకపోతే ఒళ్ళు మండిపోయింది. రెంటికీ చాలా తేడా ఉంది. వీడు నా పక్కన పడుకుని పెరిగినవాడు. నా దుప్పటి మీద రక్తం మరకలు చూసినవాడు. నేను గోక్కోకుండా రాత్రిళ్ళు అమ్మ నా చేతులకి దిండు గలీబులు కట్టేస్తే, ముళ్ళు విప్పినవాడు.

ఇంట్లో ఇంకో రకం నరకం మొదలైంది. మా ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నాళ్ళూ నేను గోక్కుంటుంటే వేపాకు నీళ్ళు కాచి తెచ్చేవాడు. ఇప్పుడు టీవీ చూస్తూ తల తిప్పి, "రెండేగా, ఎందుకలా చీరేసుకుంటావు?" అంటున్నాడు. మా అత్తగారు ఫోన్ చేసి, సైన్సు కూడా తేల్చీసింది కదమ్మా, ఇంక ఆ గోకుడు మానీ అని హితవు చెప్పింది. అంతకుముందు నా దురద నాకు మాత్రమే తెలిసేది. ఇప్పుడు నాకు తప్ప ఊరందరికీ తెలుసు, అది రెండు పాయింట్ ఒకటి అని.

మా పాయింట్‌కి రోజూ వచ్చే టీచరమ్మ ఒకావిడ మాత్రం తనకి ఒకటి పాయింట్ ఎనిమిది వచ్చిందని గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ మెడ చుట్టూ పమిట కప్పుకునే ఉంటుంది, ఎండాకాలంలో కూడా. తన కూతురు కూడా ఇదంతా నటనే అంటోందని చెప్పి, వంకాయ కూర పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

నంబరు నచ్చకపోతే ఒకసారి అప్పీలు చేసుకోవచ్చు. మళ్ళీ వారం రోజులు కడియం తియ్యకుండా ఉండాలి. మధ్యలో తీస్తే అప్పీలు చెల్లదు, మళ్ళీ ఏడాది దాకా అవకాశం లేదు. నేను అప్పీలు చేశాను. కడియంతోనే వండాను, కడియంతోనే వడ్డించాను, పగవాడిని చూసినట్టు దాని కిటికీని చూస్తూ గడిపాను.

మూడో రోజు మధ్యాహ్నం పాయింట్ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. పొయ్యిల వేడికి చెమట పట్టి నడుము దగ్గర దురద మొదలైంది. మంట కూడా కాదు, మంటైతే ఓర్చుకోవచ్చు. ఎముక దాకా చెయ్యి పెట్టి గీరితే తప్ప పోనిది. పళ్ళు బిగించి పప్పుచారు పోస్తున్నాను. కిటికీలో ఒకటి పాయింట్ తొమ్మిది. గరిటె తొణకడం లేదు. ఈ చెయ్యి ఇంత నిమ్మళంగా ఉంది, నాది కాదేమో అనిపించింది. అప్పుడు కిందికి చూసుకున్నాను. బల్ల చాటున నా ఎడమ చెయ్యి నడుముని చీరేస్తోంది. గోళ్ళ నిండా రక్తం. అది ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలియదు.

గరిటె గిన్నెలో వదిలేసి అలాగే నిలబడిపోయాను.

మా అమ్మ మిల్లుకి పోతూ రోజూ చెప్పిన మాట ఒకటే. వండే చేత్తో గోక్కున్నావంటే వాతలు పెడతాను. ఒకసారి పెట్టింది కూడా. తమ్ముడికి ముద్ద కలుపుతూ మెడ గోక్కున్నానని అట్లకాడ కాల్చి అంటించింది. ఆ మచ్చ మణికట్టు మీద ఇంకా ఉంది, సరిగ్గా కడియం కిందే. ఆ రోజు నుంచి నా కుడి చెయ్యి అన్నానిది. కారం, ఉప్పు, పిండి, గరిటె దానివి. ఒళ్ళు ఎడమ చేతిది. ఎన్ని వేల కూరలు వండానో, ఒక్కసారి కూడా కుడి చేత్తో గోక్కోలేదు. మెదడు ఇంక దానికి ఉత్తరువు పంపడమే మానేసినట్టుంది. తిన్నగా ఎడమ చేతికే పంపుతోంది. మా తమ్ముడి యంత్రమేమో కుడి చేతి గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరూ రాలేదని రాసుకుంటోంది.

సాయంత్రం పాయింట్ మా ఆయనకి అప్పగించి ల్యాబ్‌కి పోయాను. తమ్ముడు ఊళ్ళోనే ఉన్నా దొరకడం లేదు. పథకాన్ని రాష్ట్రమంతా పెట్టాలా వద్దా అని తేల్చడానికి రాజధాని నుంచి కమిటీ వస్తోందట, ఆ హడావిడి. తలుపు దగ్గర కాపు కాసి పట్టుకుంటే, నేను చెప్పింది విని మొదట నవ్వాడు. ఎడమ చెయ్యి గుండెకి దగ్గర, గుండె చప్పుడు అడ్డొచ్చి గీతలు చెడిపోతాయి, అందుకే అందరికీ కుడి చేతికే పెట్టాలని నిర్ణయించామన్నాడు. చెడిపోతే చెడిపోనీ, ఒక్కసారి పెట్టి చూడమన్నాను. ల్యాబ్‌లో ఉన్న ఇంకో కడియం తెచ్చి నా ఎడమ మణికట్టుకి తగిలించాడు.

గోక్కోవద్దన్నాడు. గోక్కోలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చున్నాను, దూలగొండి వేయించుకున్న రోజు వాడు కూర్చున్నట్టే. కుడి కిటికీలో రెండు. ఎడమ కిటికీలో అంకెలు ఎక్కుతూ పోయి తొమ్మిది పాయింట్ నాలుగు దగ్గర ఆగాయి. గుండె చప్పుడుని తీసేసి మళ్ళీ లెక్కకట్టాడు. తొమ్మిది పాయింట్ నాలుగే. వాడి మొహం పాలిపోయింది.

కాళ్ళ మీద పడతాడేమోనని ఒక్క క్షణం పిచ్చిగా అనుకున్నాను. వాడు లేచి వెళ్ళి గది తలుపు వేశాడు.

"అప్పా, కమిటీ వెళ్ళేదాకా ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు. "ఇప్పుడు చెబితే పథకమే ఆగిపోతుంది. ఉన్న ఇంజెక్షన్లు కూడా పోతాయి. తర్వాత నేను నెమ్మదిగా సరిచేస్తాను. నీ ఇంజెక్షన్ సంగతి నేను చూసుకుంటాను."

"నాకొక్కద్దానికేనా? మరి మిగతావాళ్ళో?"

"ఎంతమంది ఉంటారప్పా అలా?"

ఎంతమంది ఉంటారట. అన్నం కలిపే చేత్తో గోక్కోకూడదని చెప్పించుకుని పెరిగిన ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారో వీడికి తెలియదట. వీడిని పెంచిన చెయ్యే అలాంటిది. ఎడమ చేతి కడియం ఊడదీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంకాసేపు ఉంటే చెంప పగలగొట్టి ఉండేదాన్ని.

సంస్థకి పెద్దవాళ్ళు ఎవరొచ్చినా భోజనం మా పాయింట్ నుంచే వెళ్తుంది. కమిటీ రోజున కూడా ఆర్డరు మాకే. పనసపొట్టు కూర, గుత్తొంకాయ, ముక్కల పులుసు, పెసర గారెలు. మంచి చీర కట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, కుడి చేతికి కడియంతో వెళ్ళాను. అప్పీలు గడువు ఇంకా ఒక రోజుంది. నన్ను చూసి తమ్ముడు తడబడ్డాడు గానీ, వడ్డించే మనిషిని పొమ్మంటే కూరలు ఎవరు పెడతారు?

కమిటీ పెద్ద మాలకొండయ్యగారు తెల్ల జుట్టాయన, నెమ్మదస్తుడు. అందరూ ప్లేట్లు పట్టుకుని వరసగా వచ్చారు. ఆయన నా చేతి కడియం చూసి ముచ్చటపడి, మీరూ పరీక్షలో ఉన్నారా అమ్మా అని అడిగారు. నేను డాక్టరుగారి అప్పనని చెప్పాను. ఎంత వచ్చిందని ఆయన తమ్ముడిని అడిగారు.

వాడు నా మొహంలోకి చూడలేదు. "రెండు పాయింట్ ఒకటి సార్. మైల్డ్" అన్నాడు.

"మంచిదే కదమ్మా. ఇదివరకు మీలాంటివాళ్ళు అనవసరంగా భయపడేవాళ్ళు. ఇప్పుడు ధైర్యంగా ఉండొచ్చు" అన్నారు మాలకొండయ్యగారు, ప్లేటు ముందుకి చాపుతూ.

నేను గరిటె కింద పెట్టాను. జాకెట్టు ఎడమ చేతిని మోచేతి పైదాకా లాగాను. దగ్గరున్నావిడ అయ్యో అని వెనక్కి జరిగింది. ఆ వాత పడ్డాక మొదటిసారి కుడి చెయ్యి ఎత్తి మోచేతి మడతలో గోళ్ళు దింపాను. మొదట ఆ చేతికి ఎలా గోకాలో కూడా తెలియలేదు, కొత్త కోడలిలా బెరుకుగా తిరిగింది. తర్వాత నేర్చుకుంది. పొక్కులు చిట్లాయి, రక్తం వేళ్ళ మీదుగా కారి కడియం మీద పడింది. అందరికీ కనిపించేలా చెయ్యి ఎత్తి పట్టుకున్నాను. ఆరు. ఎనిమిది. తొమ్మిది పాయింట్ ఆరు.

ఎవరైనా గోక్కుంటే వస్తుంది కదా ఆ నంబరు అని ఎవరో అన్నారు.

"అవునండీ, గోక్కుంటే వస్తుంది. గోక్కోని చేతికి రాదు" అన్నాను. అదే చేత్తో గరిటె తీసుకుని పనసపొట్టు కూర నిండా ముంచాను. "ఇప్పుడు చెప్పండి, ఎవరికి వెయ్యమంటారు?"

ఒక్క ప్లేటు కూడా ముందుకి రాలేదు. మాలకొండయ్యగారి ప్లేటు ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయింది. గది నిండా మసాలా వాసన.

"చూశారా? మీరు తినాలి కాబట్టి చిన్నప్పటి నుంచీ ఈ చేత్తో గోక్కోలేదు. గోక్కోలేదు కాబట్టి నాకు దురద లేదని తేల్చీసారు. ఎడమ చేతికి పెడితే ఎంతొచ్చిందో మా తమ్ముడిని అడగండి. వాడికి తెలుసు."

మాలకొండయ్యగారు అడిగారు. ఎంతమందికి ఎడమ చేతికి పెట్టి చూశారని కూడా అడిగారు. తమ్ముడు తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఒక్కరికే సార్. మా అప్పకి. తొమ్మిది పాయింట్ నాలుగు."

"మిగతా అందరికీ?"

"కుడి చేతికే."

ఆయన ఖాళీ ప్లేటు బల్ల మీద పెట్టేశారు. రెండు చేతులకీ పెట్టి అందరినీ మళ్ళీ చూసేదాకా ఈ నంబర్లతో ఎవరికీ ఏదీ కాదనడానికి వీల్లేదని, తన మనుషులతో అక్కడే చెప్పారు. టీచరమ్మ పమిట గుర్తొచ్చింది నాకు. సంతోషించాల్సిన మాటే. కానీ నాకు సంతోషం రాలేదు, ఎందుకంటే నేను అప్పుడు మా తమ్ముడిని చూస్తున్నాను.

వాడి ప్లేటు కూడా గుండెలకి ఆనించుకుని ఉంది. నా గరిటెకి అందకుండా, అందరికంటే వెనక. మాటలు రాకముందు నుంచీ ఈ చేతి ముద్ద తిన్నవాడు. ఈ చెయ్యి శుభ్రంగా ఉండాలనే కదా నా మణికట్టు కాలింది.

కడియం తీస్తే అప్పీలు చెల్లదని నాకు తెలుసు. రేపటి నుంచి నా పాయింట్ ముందు ఎవరూ నిలబడరని కూడా తెలుసు. నెత్తురోడుతున్న కడియాన్ని ఊడదీశాను. వాడి దగ్గరికి వెళ్ళి, గుండెలకి హత్తుకున్న ప్లేటుని లాగి, అందులో పెట్టాను.

"తిను" అన్నాను.

గిన్నెల మూతలు పెట్టి, అన్నీ సర్దుకుని ఆటో ఎక్కాను. ఇల్లు చేరేదాకా, దారి పొడుగునా, రెండు చేతులతోనూ గోక్కున్నాను.